ట్యూనా కుర్చీకి జీను

ఆ రోజుల్లో మా తిరువూరులో చేప అంటే చెరువు చేపే. ఆదివారం పొద్దున్నే ఐసు పెట్టెల్లో దిగే బొచ్చె, రాగండి, ఇంటికి చుట్టాలొచ్చిన వారమైతే కొర్రమేను. వాటిని చూసి మనిషి అడిగే ప్రశ్నలు రెండే: తాజాదేనా, ముళ్లెక్కువా. చేప మనిషిని లాక్కుపోతుందనీ, లాక్కుపోకుండా మనిషిని కుర్చీకి కట్టేస్తారనీ, అంత తంటాపడి పట్టాక దాన్ని మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారనీ చెబితే మా వీధిలో నమ్మేవాళ్లు లేరు. నేను నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఉత్తర ఐరోపా సముద్రాల్లో ట్యూనా చేపల్ని గాలంతో పట్టేవాళ్లు కూర్చునే కుర్చీ ఒకటి, సముద్రం చూడాలంటే విజయవాడ వెళ్లి అక్కడ బస్సు మారి బందరు దాకా పోవాల్సిన మా ఊళ్లో, రేకుల షెడ్డు కింద కూర్చుని నా రెండు చేతులతో తయారుచేశాను. ఇది జరిగి ఎంతో కాలం కాలేదు. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు చుట్టాల కుర్రాణ్ని తలుచుకున్నట్టే ఉంటుంది.

మాది సీట్ల షాపు. ట్రాక్టరు సీట్లు, ఆటో సీట్లు, మోటారు సైకిలు సీట్లు, అప్పుడప్పుడూ స్కూలు బస్సు సీట్లు కుడతాం. రెగ్జిను, స్పాంజి, దారం, దబ్బనం, ఇవే మా ఆస్తి. మా అబ్బా (మా నాన్నని నేను అలాగే పిలుస్తాను) కుట్టిన సీటు గురించి చుట్టుపక్కల రైతులు చెప్పుకునే మాట ఒకటుంది. ట్రాక్టరు ఇంజను బోరుకొస్తుంది గానీ సాయిబు కుట్టు మాత్రం వదలదు అని. అలాంటి మనిషికి నేను ఒక్కగానొక్క కొడుకుని. బీకాం మధ్యలో వదిలేసి, మిషను తొక్కుతానని షాపులో చేరాను. ఒకరోజు స్పాంజి తిరగేసి పెట్టి ట్రాక్టరు సీటు కుట్టాను. ఆ రైతు వారం రోజులు ఒక పక్కకి ఒరిగి దున్నాడు. ఇంకోరోజు నేను కుట్టిన ఆటో సీటు ఎ.కొండూరు మలుపులో పర్రున చిరిగింది. దాని మీద కూర్చున్న ముగ్గురు టీచరమ్మలు ఒకేసారి కిందికి దిగబడ్డారు. వాళ్లు పాపం లేచి, చీరలు దులుపుకుని స్కూలుకి వెళ్లిపోయారు గానీ ఆటో అతను మాత్రం నేరుగా మా షాపుకి వచ్చాడు. ఆ సాయంత్రం అబ్బా దబ్బనం పక్కన పెట్టి తీర్పు చెప్పాడు.

"నీకు కుట్టు రాదురా. వచ్చే నెల విజయవాడ వెళ్లి మీ మామూ షాపులో చేరు. సెల్‌ఫోన్లకి కవర్లు తొడుగు. వాటికి కుట్లుండవు."

మామూ అంటే మా అమ్మీ తమ్ముడు. మంచివాడు, నన్ను ప్రాణంలా చూసుకుంటాడు. అయినా ఆ చివరి మాట నాకు చాలా లోతుగా గుచ్చుకుంది. వాటికి కుట్లుండవు! నన్ను తిట్టినా, నాలుగు తగిలించినా అంత బాధపడేవాణ్ని కాదు.

సరిగ్గా ఆ వారంలోనే ట్యూనా మాస్టారు మా షాపు మెట్లెక్కారు. ఆయన అసలు పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. హైస్కూల్లో మా అబ్బాకీ, ఎన్నో ఏళ్ల తరవాత నాకూ ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడో పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఒక ఇంగ్లీషు పత్రికలో ఆయన ఒక ఫోటో చూశారట. టోపీ పెట్టుకున్న దొర ఒకడు, పక్కనే కొయ్య దూలానికి తలకిందులుగా వేలాడదీసిన చేప; చేప దొరకంటే పొడుగు. అప్పట్నుంచీ ఆయన ఏ పాఠం మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి ట్యూనా దగ్గరే తేలేది. "ఇంగ్లండు తూర్పు ఒడ్డునరా, మా నాన్న చిన్నతనంలో," అని మొదలుపెట్టేవారు. "హెర్రింగ్ అని చిన్న చేపలు. వాటి కోసం వలల పడవలు వెళ్లేవి. ఆ హెర్రింగ్ వెనకాల ట్యూనాలు వచ్చేవి. ఒక్కొక్కటీ మూడు క్వింటాళ్లు! దొరలు చిన్న తెడ్డు పడవలో కూర్చుని, ఒక్క గాలం కర్రతో దాంతో తలపడేవారు. చేప పడవని పడవంతా లాక్కుపోయేది." డెన్మార్కు పక్కనా నార్వే పక్కనా కూడా ఇదే వైభవమట. తరవాత హెర్రింగుని ఊడ్చేశారు, ట్యూనాలనీ పట్టేశారు, ఆ నీళ్లలో ట్యూనా తోక కనపడటమే మానేసింది. ఈ భాగం చెప్పేటప్పుడు మాస్టారి గొంతు నిజంగానే జీరబోయేది. మేమంతా తలలు వంచుకునేవాళ్లం (దుఃఖంతో అని ఆయన అనుకునేవారు).

నేను పదో తరగతిలో ఉండగా ఒకరోజు ఆయన పరుగులాంటి నడకతో క్లాసులోకి వచ్చి "వచ్చాయిరా!" అన్నారు. పరీక్ష ఫలితాలనుకుని మా గుండెలు జారిపోయాయి. వచ్చింది ట్యూనాలు. ఇన్ని దశాబ్దాల తరవాత ఆ ఉత్తరపు సముద్రాల్లోకి మళ్లీ వచ్చాయట. ఇప్పుడు దూలానికి వేలాడదీయడాలూ టోపీ దొరలూ లేరు. గాలం వేయడం తెలిసినవాళ్లని శాస్త్రవేత్తలే పిలిచి పట్టిస్తారు. పడవ మీదికి లాగి, చేప కళ్ల మీద తడిగుడ్డ వేసి, నోట్లో సముద్రపు నీటి గొట్టం పెట్టి, వీపుకి ఒక నంబరు బిళ్ల గుచ్చి, మళ్లీ నీళ్లలోకి వదిలేస్తారు. "వదిలేస్తారా సార్? మరి కూర?" అని అడిగింది నేనే. బెంచీ ఎక్కి నిలబడింది కూడా నేనే.

ఇక ఆయన షాపుకి వచ్చిన పని. మా స్కూల్లో ఎగ్జిబిషను పెడుతున్నారు, విజయవాడ నుంచి జడ్జీలు వస్తారు, పాత మాస్టారని గౌరవంగా ఆయనకి ఒక స్టాలు ఇచ్చారు. "ఆ చేప లాగుడు ఎలా ఉంటుందో పిల్లలకి ఒంటికి తెలియాలి. బోర్డు మీద రాస్తే తెలీదు," అంటూ ఫోన్లో వీడియో చూపించారు. తెల్లటి పడవ, వెనక భాగాన నేలకి బిగించిన కుర్చీ, అందులో గాలం కర్ర పట్టుకుని వెనక్కి వాలిపోయిన ఒక మనిషి. చేప ఎటు పోతే కుర్చీ అటు తిరుగుతోంది. "దీన్ని ఫైటింగ్ చైర్ అంటారు," అన్నారు మాస్టారు. (అబ్బా ఆ మాట విని, "కుర్చీలతో కొట్టుకోడానికి స్పెషల్‌గా చేయించాలా మాస్టారూ, మామూలువి సరిపోవూ?" అన్నాడు. మా వైపు మీటింగుల్లో ప్లాస్టిక్ కుర్చీలు గాల్లోకి లేవడం ఆయన చాలాసార్లు చూశాడు.)

"కొట్లాట చేపతోనయ్యా," అన్నారు మాస్టారు. "కుర్చీదేముంది, ఎలాగో సంపాదిద్దాం. దానికి మంచి జీను కుట్టాలి. ప్రాణమంతా దాంట్లోనే ఉంది. మందంగా ఉండాలి. నడుము దగ్గర పట్టెయ్యాలి. తొడల కింద నుంచి రావాలి. మూడు క్వింటాళ్లు లాగినా మనిషి ఊడి రాకూడదు. కొక్కేలు పెట్టు, తాడు వాటికి తగిలిద్దాం."

"దుక్కుల టైము మాస్టారూ. ట్రాక్టరు సీట్లు ఇరవై ఉన్నాయి ముందు. నా వల్ల కాదు," అన్నాడు అబ్బా.

"నేను కుడతాను సార్," అన్నాను.

అబ్బా నా వైపు చూడకుండానే, "వీడు విజయవాడ వెళ్లిపోతున్నాడు మాస్టారూ," అన్నాడు.

"ఇది కుట్టాకే వెళ్తా. తెగిందంటే ఆ సాయంత్రమే బస్సెక్కుతా, జన్మలో మళ్లీ మిషను ముట్టుకోను. తెగలేదంటే మాత్రం ఎక్కడికీ వెళ్లను. ఇక్కడే ఉంటా."

"నలుగురి ముందూనా?"

"నలుగురి ముందే."

అబ్బా కాసేపు రెగ్జిను ముక్కని అటూ ఇటూ తిప్పి, "సరే" అన్నాడు. ఆయన సరే అన్నాడంటే అది దస్తావేజు కిందే లెక్క.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మాస్టారు పాతకాలం మనిషి. ఆయన దృష్టిలో జీను అంటే గుర్రానికి బిగించేది. మా తరానికి గుర్రం అంటే పెళ్లి ఊరేగింపులో ఒక గంటసేపు కనపడే జంతువు. అందరూ పైనున్న పెళ్లికొడుకుని చూస్తారు గానీ అతని కింద ఏం వేశారో ఎవరు చూస్తారు? నాకు తెలిసిన జీను ఒక్కటే, కాళ్లకి తొడుక్కునేది. జీను ప్యాంటు. పైగా ఆ వీడియోలో కుర్చీలో ఉన్నాయన నిజంగానే నీలం రంగు జీను ప్యాంటు వేసుకున్నాడు. మందంగా ఉండాలి, నడుము దగ్గర పట్టెయ్యాలి, తొడల కింద నుంచి రావాలి, మనిషి ఊడి రాకూడదు. మీరే చెప్పండి, ప్యాంటు గురించి ఇంతకంటే వివరంగా ఎవరైనా చెబుతారా? అంటే ప్యాంటుని కుర్చీకి కుట్టేస్తారన్న మాట, చేప లాగినా మనిషి ప్యాంటులో ఉంటాడు, ప్యాంటు కుర్చీలో ఉంటుంది అని అర్థం చేసుకున్నాను. దొరల తెలివికి ఆశ్చర్యపోయాను కూడా.

పక్కనున్న సెలూన్ వాళ్లు మూలన పడేసిన పాత ఇనప కుర్చీ అడిగి తెచ్చుకున్నాను. అది గుండ్రంగా తిరుగుతుంది, కాళ్లు పెట్టుకోవడానికి పలక ఉంది. గాలం కర్రకి పాత టీవీ యాంటెనా పైపు, రీలుకి నూతి గిలక. (గాలానికి రీలు ఉంటుందని చెబితే మా అమ్మీ, "అక్కడ కూడా వీడియోలు తీసుకుంటారా?" అంది.) ఇక జీను. పండక్కి కొనుక్కున్న నా ప్యాంట్లు రెండు మోకాళ్ల దగ్గరికి కోసి, ఒకదాని మీద ఒకటి వేసి, కుర్చీ సీటుకి కలిపి నైలాను దారంతో కుట్టడం మొదలుపెట్టాను. మొదటిసారి రెండు కాళ్లూ కలిసిపోయి ఒకే కాలుగా తయారైంది. విప్పాను. రెండోసారి కుట్టు వరస ఎటో మొదలై ఎటో పోయింది. విప్పాను. మూడోసారి బొటనవేల్లో దబ్బనం దిగింది. గుడ్డ కట్టుకుని మళ్లీ విప్పాను. ఒక వరస కుట్టి, నమ్మకం చాలక రెండోది వేసి, భయం తీరక మూడోది, చివరికి ప్రతి జాయింటుకీ నాలుగు వరసలు వేశాను. అయిదు రోజులు తిండి ధ్యాస లేదు. నేను విజయవాడ వెళ్లను, కవర్లు తొడగను అని ప్రతి పోటుకీ అనుకునేవాణ్ని. అబ్బా అటు ఇటు తిరుగుతూ ఓరకంట చూసేవాడు. ఒకసారి మాత్రం గోడకి చెప్పినట్టు, "దారానికి మైనం రాయకపోతే ముడి జారుద్ది," అని వెళ్లిపోయాడు.

ఎగ్జిబిషను ఇంకా రెండు రోజులుందనగా మాస్టారు చూడ్డానికి వచ్చారు. కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"ఒరే, ఇదేంట్రా? ప్యాంటు కుట్టావేంటి?"

"మీరే కదా సార్ జీను అన్నారు."

మాస్టారు మెట్ల మీద కూలబడిపోయారు. నవ్వు ఆపుకోలేక ఆయనకి దగ్గు వచ్చింది, దగ్గుకి కళ్లవెంట నీళ్లు వచ్చాయి, అమ్మీ మంచినీళ్లు తెచ్చింది. గుర్రం సంగతి అప్పుడు చెప్పారు. షాపులో ఉన్న ఇద్దరు రైతులు కూడా పొట్టలు పట్టుకున్నారు. అబ్బా నవ్వలేదు. "మీ మామూకి ఫోన్ చేస్తున్నా," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సిగ్గుతో కాదు, కోపంతో. "తెగితే కదా వెళ్తానన్నాను? ప్యాంటైతేనేం, ఏదైతేనేం, అది తెగలేదు కదా!" అని గట్టిగా అరిచాను. అబ్బా ముందు నేను గొంతు పెంచడం అదే మొదలు. మాస్టారు ఈలోగా ఫోన్లో ఏదో వెతుక్కుంటూ, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయారు. నిజమైన జీనుని దగ్గర్నుంచి తీసిన ఫోటో అది. అది కూడా పిర్రల కిందికి వచ్చే మందపాటి తొట్టెలాంటి గుడ్డ, రెండు పక్కలా కొక్కేలు. "కాళ్లు రెండూ తీసేస్తే వీడిదీ ఇంతేనయ్యా," అన్నారు అబ్బాతో. ఆయన పొగిడారో ఎగతాళి చేశారో నాకు తెలియలేదు గానీ మామూకి కలపబోయిన ఫోను మాత్రం అబ్బా జేబులోకి వెళ్లిపోయింది.

మర్నాడు పరీక్ష. పెనుగొలనులో మా ఖాలా, అంటే అమ్మీ అక్క, ఉంటుంది. ఆమెకి ఒక గేదె ఉంది. ఆ గేదె మొండితనం ఊరంతటికీ తెలుసు కాబట్టి ట్యూనాకి అదే సరి అనుకున్నాను. ట్రాలీ ఆటోలో కుర్చీని కాలువ గట్టుకి చేర్చి, కింద చెక్కబల్ల మీద బండరాళ్లు పెట్టి, జీనులోకి కాళ్లు దూర్చి, ఇత్తడి గుండీలు పెట్టుకుని, తాడు ఒక కొస జీను కొక్కేలకి తగిలించి, రెండో కొస గేదె మెడకి కట్టించాను. "అదిలించు ఖాలా!" అన్నాను. గేదె నాలుగడుగులు వేసింది. తాడు బిగిసింది. నేను పైపు పట్టుకుని వీడియోలో ఆయన వాలినట్టే వెనక్కి వాలాను. గేదె ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసి, ఏమనుకుందో ఏమో కాలువలోకి దిగి మెడదాకా మునిగి పడుకుంది. అంతే. తాడు వదులుగా లేదు, బిగువుగా లేదు. లాగితే లేవదు, అరిస్తే చెవి కూడా కదపదు. తాడు గుండీల మీద అడ్డంగా పడటంతో అవి ఊడి రావు. "దాన్నేం అడిగావురా నువ్వు? పాలిమ్మంటే ఇచ్చే గేదె అది, లాగమంటే ఎందుకు లాగుద్ది?" అని ఖాలా నన్నే కోప్పడింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆమే జాలిపడి కుర్చీ దగ్గరికి అన్నం తెచ్చిపెట్టింది. గేదెకి విసుగు పుట్టి లేచేదాకా నేను ఆ ఎండలో ప్యాంటులోనే ఉన్నాను. కుట్టు గట్టిదో కాదో తేలనే లేదు.

ఎగ్జిబిషను రోజున స్కూలు గ్రౌండులో మా స్టాలు అన్నిటికంటే పెద్దది. గ్రౌండు అవతలి కొసన నీలం రంగు గుడ్డ కట్టి సముద్రం అన్నారు మాస్టారు. గుడ్డ వెనక ట్యూనా: పదో తరగతి కుర్రాళ్లు ఎనిమిది మంది, తాడు పట్టుకుని. వాళ్లకి ఆయన వారం నుంచీ నూరిపోశారు, "మీరు చేప. చేప అలిసిపోయేదాకా ఆగదు. వదిలెయ్యండి అని నేను అనేదాకా ఆగకూడదు," అని. ఇటు పక్క తెల్లకోట్లు వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు శాస్త్రవేత్తలు. చేతుల్లో తడిగుడ్డ, నంబరు బిళ్ల. పడవ దగ్గరికి వచ్చిన చేప కళ్ల మీద గుడ్డ వేసి బిళ్ల గుచ్చడం వాళ్ల పని. కుర్చీని స్టాలుకి వేసిన స్టేజీ చెక్కలకి నాలుగు బోల్టులతో బిగించారు. జడ్జీలు ముగ్గురూ వచ్చి కుర్చీని చూశారు, జీనుని చూశారు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "ఎవరు కూర్చుంటారు?" అని అడిగారు. పిల్లలెవరూ ముందుకి రాలేదు. అందరి ముందూ ఆ ప్యాంటులోకి దిగడానికి వాళ్లకి మనసొప్పలేదు. నేనే కూర్చుందామని అడుగు వేశాను.

"నువ్వు కాదు," అన్న గొంతు వెనకనుంచి వినపడింది. అబ్బా. ఆ పూట షాపు మూసి వచ్చాడు. తెల్ల చొక్కా, ఉతికిన గళ్ల లుంగీ. "కుట్టినోడు కూర్చుంటే ఎటు వంగాలో వాడికి తెలుస్తుంది. నేను కూర్చుంటా," అన్నాడు. ఆయన తన జన్మలో జీను ప్యాంటు ముట్టుకుని ఎరగడు. లుంగీ పైకి మడిచి ఒక్కో కాలూ దూర్చి, గుండీలు పెట్టుకుని, కొక్కేలు తగిలించుకుని, పైపు రెండు చేతులా పట్టుకుని, "ఊ, లాగమనండి," అన్నాడు. గ్రౌండంతా మా చుట్టూ మూగింది. నాకు మాత్రం ఆ తొడ దగ్గరి జాయింటు తప్ప ఏమీ కనపడటం లేదు. అక్కడ మూడో వరసలో రెండు పోట్లు వంకర పోయాయి. ఆ సంగతి నాకు తెలుసు.

ట్యూనా లాగింది. తాడు టంగుమంది. అబ్బా ముందుకి వంగి, కాళ్లు పలకకి తన్నిపెట్టి వెనక్కి వాలాడు. కుర్చీ ఎడమకి తిరిగింది, కుడికి తిరిగింది. "భేష్! అదీ!" అని మాస్టారు గంతులేస్తున్నారు. జీను బిగిసి కిర్రుమంటోంది. ఎనిమిది మంది కుర్రాళ్లు, పొద్దున హాస్టల్లో ఇడ్లీలు తిని వచ్చినవాళ్లు, ఒక్కసారిగా "హైలెస్సా" అని ఊపారు. ఫట్‌మని చప్పుడైంది. అయిపోయింది, విజయవాడ, కవర్లు అనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అబ్బా కుర్చీలోనే ఉన్నాడు. కాకపోతే కుర్చీ స్టేజీ మీద లేదు. నాలుగు బోల్టులూ చెక్కతో సహా ఊడి వచ్చి, కుర్చీ, అబ్బా, యాంటెనా పైపు కలిసి గ్రౌండు మీదుగా సముద్రం వైపు సాగిపోతున్నారు. దారిలో వాన నీటి ఇంకుడు గుంత నమూనా ఉంది. అట్టతో చేసిన ఇళ్లూ చెట్లూ ఎగిరిపడ్డాయి. ఇంకో స్టాలు వాళ్ల అగ్నిపర్వతాన్ని జానెడు తేడాతో తప్పించుకున్నారు. గుడ్డ వెనక ఉన్న చేపకి ఇదేమీ కనపడదు కదా, అది ఇంకా హుషారుగా లాగుతోంది. "వదిలెయ్యండి! వదిలెయ్యండ్రా!" అని మాస్టారు పరిగెత్తారు. చేప ఠక్కున వదిలేసింది. కుర్చీ ఒక్క కుదుపు కుదిపి, ఒరిగి, సముద్రానికి రెండడుగుల దూరంలో ఆగింది. తెల్లకోట్ల ఆడపిల్లలు ఇద్దరూ తమ వంతు వచ్చిందనుకున్నారు. పరుగున వెళ్లి అబ్బా కళ్ల మీద తడిగుడ్డ వేసి, చొక్కాకి నంబరు బిళ్ల గుచ్చేశారు.

నేను చేరుకునేసరికి అబ్బా అలాగే ఒరిగి ఉన్నాడు, ఊపిరి తీసుకుంటున్నాడు, దెబ్బలేమీ లేవు. గుండీలు మాత్రం వంగిపోయి రావడం లేదు. డ్రిల్లు మాస్టారు ఎక్కడినుంచో పెద్ద కత్తెర పట్టుకొచ్చి, "జరగండి, కోసేద్దాం," అన్నారు. కత్తెర ఇంకా జీనుకి తగలనే లేదు.

"కొయ్యొద్దు!" అన్నాడు అబ్బా. తడిగుడ్డ ఇంకా కళ్ల మీదే ఉంది. ఒక చెయ్యి పైకెత్తి అందర్నీ ఆపి, రెండో చేత్తో తొడ దగ్గరి జాయింటుని బొటనవేలితో తడుముకుంటూ మెల్లగా వెనకదాకా వెళ్లాడు. వంకర పోట్ల దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది, మళ్లీ సాగింది. "అది తెగలేదు. బోల్టులు ఊడాయి, చెక్క ఊడింది, ఇది తెగలేదు. తెగనిదాన్ని కోస్తారా ఎవరైనా? మా వాడు కుట్టింది అది," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. నలుగురి ముందే అన్నాను కదా, నలుగురి ముందే ఏడ్చాను. చివరికి ఇద్దరు పట్టుకుని కుర్చీని వంచితే, కాళ్లు ఒక్కొక్కటిగా ఈడ్చుకుని అబ్బా బయటికి వచ్చాడు, లుంగీ జీనులోనే ఉండిపోయింది. (లోపల పొడుగు నిక్కరుంది, కంగారు పడకండి.) ఫస్టు ప్రైజు అగ్నిపర్వతానికి ఇచ్చారు. మా స్టాలుకి జడ్జీలు కాగితం మీద ఏదో రాసిచ్చారు, అందులో ప్రమాదకరం అన్న మాట రెండుసార్లు ఉంది. మాస్టారు అదేమీ పట్టించుకోలేదు. ట్యూనా కుర్రాళ్లు అరచేతులు చూపించి "మండిపోతున్నాయి సార్" అంటుంటే, "అదేరా, అదే పాఠం" అని ఒక్కొక్కణ్నీ భుజం తట్టి పంపించారు. స్కూలు గేటు దగ్గర అబ్బా ఫోను తీసి మామూకి కలిపాడు.

"ఏరా, మా వాడు రావట్లేదు."

"అదేంటి బావా, వాడి కోసం కౌంటరు ఖాళీగా పెట్టా. అక్కడేం పనుంది వాడికి?"

అబ్బా నా వైపు చూశాడు. ఆయన తలమీద ఇంకుడు గుంత తాలూకు ఆకుపచ్చ కాగితం ముక్క ఒకటి అంటుకుని ఉంది. "చేపల పని," అని ఫోను పెట్టేశాడు.

మామూ షాపు ఇప్పుడు రెండంతస్తులైంది, ఏసీ ఉంది. మా షెడ్డుకి అవే రేకులు. ఎండాకాలం మధ్యాహ్నం మిషను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మా ఆవిడ చెంగుతో విసురుకుంటూ, "ఆ కుట్టు ఒక్కటి ఆ రోజు తెగి ఉంటే మనం చల్లగా ఉండేవాళ్లం," అంటుంది. అబ్బాకి చూపు తగ్గింది, మిషను మీద కూర్చోవడం లేదు. పక్కన స్టూలు మీద కూర్చుని, నేను ఇచ్చిన ప్రతి సీటునీ బొటనవేలితో తడిమి చూస్తాడు. అప్పుడప్పుడూ ఒకచోట వేలు ఆపి, "ఆ కుర్చీకి కుట్టినట్టు కుట్టరా," అంటాడు. అలా కుట్టడం ఇప్పుడు నా వల్ల కావడం లేదు. అప్పటి ఆ కుర్రాడికి కుట్టు రాదు, అందుకని భయపడి నాలుగు వరసలు వేశాడు. నాకు వచ్చు, అందుకని రెండే వేస్తున్నాను. ఈ సంగతి అబ్బాకి ఇంతవరకూ చెప్పలేదు.